జైలోలో రెండు రాత్రులు: కిర్గిజ్ కొండల్లో మందల దగ్గరికి వెళ్ళాలనుకునే మన జిల్లా వాళ్ళకి

ఈ ప్రయాణం గురించి ఇంట్లో చెప్పేటప్పుడు మాట జాగ్రత్త. కిర్గిజ్ వాళ్ళు ఎండాకాలం పశువుల్ని తోలుకెళ్ళి మేపుకునే కొండమీది పచ్చిక బయలుని "జైలో" అంటారు. నేను తిరిగొస్తూ ఢిల్లీలో దిగగానే మా పెద్దత్తకి ఫోన్ చేసి, రెండు రాత్రులు జైలోలో ఉన్నానని గొప్పగా చెప్పాను. సమతా ఎక్స్‌ప్రెస్‌లో నేను బొబ్బిలి చేరేసరికి, పరాయి దేశంలో నన్ను జైల్లో పెట్టారని, మా బావ ఎవరికో డబ్బు కట్టి విడిపించాడని వీధంతా తెలిసిపోయింది.

మా మేనకోడలు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి అక్కడ చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళని చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు నాలుగు రోజులు హాస్టల్ చుట్టూ తిరిగి, ఒక మాల్ చూసి, తెలుగు మెస్సులో పప్పుచారు తిని వచ్చేస్తుంటారు. అంత దూరం వెళ్ళి కొండెక్కకుండా వచ్చేయడం నాకు మనసొప్పదు. ఎలా వెళ్ళాలి, ఏం తినాలి, గుర్రం పాలు తాగక తప్పదా అని ఈ మధ్య తెలిసినవాళ్ళు వరసగా అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో గంటసేపు చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ తప్పే చేశాను. ఒక ఏజెంటు దగ్గర ఏడు రోజుల ప్యాకేజీ తీసుకున్నాను, ఏడు రోజుల్లో ఎనిమిది చోట్లు. రోజుకి ఐదారు గంటలు వ్యానులోనే గడిచిపోయేవి. వాళ్ళు తీసుకెళ్ళిన గుడారాల్లో ఇనప మంచాలు, బయట స్పీకర్‌లో పాటలు, అద్దె టోపీ పెట్టుకుని ఒక ఫొటో. మందల వాళ్ళ బతుకు చూపిస్తామన్నవాళ్ళు ఏడు రోజుల్లో ఒక్క గొర్రెని కూడా దగ్గర నుంచి చూపించలేదు. సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర జనంలో నలిగిపోయి సాయంత్రం బస్సెక్కేసినవాడు విజయనగరం చూసేశానని చెప్పినట్టుంది నా పరిస్థితి. మరుసటి ఏడాది మా మేనకోడలే అంతా మాట్లాడిపెడితే రెండోసారి వెళ్ళాను, ఇక్కడ రాసేదంతా ఆ రెండో ప్రయాణం లెక్క.

కాబట్టి ప్లాన్ వేసుకునేటప్పుడు ముందు ఇది ఖాయం చేసుకోండి: ఒకే జైలో, ఒకే కుటుంబం, కనీసం రెండు రాత్రులు. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవచ్చు. మొదటి సాయంత్రం వాళ్ళకి మీరు డబ్బిచ్చే కస్టమరు మాత్రమే, టీ పోసి నవ్వి వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. రెండో రోజు మధ్యాహ్నానికి ఎవరో ఒకరు మీ చేతికి బకెట్ ఇస్తారు. అసలు చూడ్డం అక్కడ మొదలవుతుంది.

ఇంకోటి, సంచార జాతి అనగానే ఇల్లూ వాకిలీ లేకుండా ఏడాది పొడుగునా తిరిగేవాళ్ళు అనుకుని వెళ్ళకండి. 1930లలో సోవియట్ ప్రభుత్వం వాళ్ళ పశువుల్ని సమష్టి క్షేత్రాల్లో కలిపేసి, వాళ్ళని ఊళ్ళలో స్థిరపడేలా చేసింది. 1991లో దేశం స్వతంత్రమయ్యాక ఆ క్షేత్రాలు విడిపోయి పశువులు మళ్ళీ కుటుంబాల చేతికొచ్చాయి. ఇప్పుడు చలికాలమంతా ఊళ్ళో సొంతింట్లో ఎండుగడ్డి వేసి పశువుల్ని కాచుకుంటారు, మంచు కరిగాక పైకెళ్ళి సెప్టెంబరులో దిగొస్తారు. మనకి ఇదేం వింత కాదు. వరి కోతలయ్యాక గొర్రెల మందలు తోలుకొచ్చి ఎరువు కోసం మన పొలాల్లో మంద కట్టే గొల్లలకి కూడా ఊళ్ళో ఇల్లుంటుంది కదా. మనవాళ్ళు నేలమీద అడ్డంగా తిరుగుతారు, వాళ్ళు కొండమీదకి నిలువుగా తిరుగుతారు, అంతే తేడా. అందుకని "మీకు ఇల్లు లేదా" అని జాలిగా అడగకండి. నేను అడిగాను. మాకు చోటిచ్చిన గుడారం ఇంటాయన ఫోన్ తీసి ఊళ్ళో తన ఇల్లు, కారు, కూతురి డిగ్రీ ఫొటో చూపించాడు.

ఎప్పుడు, ఏ దారిన

జూన్ మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా. మే నెలలో వెళ్తే కనుమల్లో మంచు ఉండొచ్చు, సెప్టెంబరు దాటితే గుడారాలు విప్పేస్తారు. మనకి ఎండలు తగ్గి వానలు పడేటప్పుడు అక్కడ సీజను. ప్రపంచ సంచార జాతుల క్రీడలని గుర్రాల మీద ఆటలు, గద్దల వేట అన్నీ కలిపి పెద్ద పోటీలు జరుగుతాయి, 2014, 2016, 2018ల్లో కిర్గిజ్‌స్తాన్‌లోనే జరిగాయి, తర్వాత తుర్కియే, కజకిస్తాన్ తిరిగి 2026కి మళ్ళీ వీళ్ళ వంతే వచ్చింది. సరదాగా ఉంటుంది గానీ జైలోకి బదులు మాత్రం కాదు.

ఎక్కడికంటే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను సోన్-కోల్ అనే చెబుతాను. సముద్రమట్టానికి 3,016 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సు, చుట్టూ ఒక్క చెట్టు ఉండదు, గడ్డి, గుర్రాలు, తెల్ల గుడారాలు. బిష్కెక్ నుంచి మొదట కోచ్కోర్ అనే చిన్న టౌనుకి వెళ్ళాలి, రెండొందల కిలోమీటర్లు, వ్యానులో మూడు నాలుగు గంటలు. మార్ష్రుత్కా అని మన షేర్ ఆటో పద్ధతిలో నిండితేనే కదిలే మినీ వ్యాన్లుంటాయి, బిష్కెక్ పడమటి బస్టాండులో దొరుకుతాయి. సొంత బండి మాట్లాడుకుంటే దారిలో తోక్మోక్ దగ్గర బురానా గోపురం చూడొచ్చు, 11వ శతాబ్దం నాటిది, పక్కనే మనుషుల ముఖాలు చెక్కిన పాత రాళ్ళుంటాయి. గంట చాలు.

కోచ్కోర్‌లో ఒక రాత్రి తప్పకుండా పడుకోండి. ఇది ఖర్చు కోసం చెప్పడం లేదు, ఎత్తు కోసం చెబుతున్నాను. బిష్కెక్ 800 మీటర్ల దగ్గరుంటుంది, సోన్-కోల్ మూడు వేలు దాటింది, దారిలో కల్మక్ కనుమ దాదాపు 3,450 మీటర్లు. అరకు ఘాట్ ఎక్కితేనే కళ్ళు తిరిగే మనవాళ్ళు ఒక్క రోజులో అంత ఎత్తుకెళ్తే తలనొప్పి, వాంతి, రాత్రంతా నిద్ర పట్టకపోవడం మామూలే. మంచినీళ్ళు ఎక్కువ తాగండి, మొదటి రోజు పరుగులు పెట్టకండి. బీపీ, గుండె, ఉబ్బసం ఉన్నవాళ్ళు ముందే డాక్టరుని అడిగి, మాత్రలు ఏమన్నా కావాలంటే రాయించుకుని వెళ్ళండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే కిందకి దిగిపోవాలి.

ఆ కుటుంబాన్ని ఎలా పట్టుకోవడం అంటారా? కిర్గిజ్‌స్తాన్‌లో సీబీటీ అని, ఊరి కుటుంబాలే కలిసి నడుపుకునే పర్యాటక సంఘాలున్నాయి, కోచ్కోర్‌లో వాళ్ళ ఆఫీసుంది. నేరుగా వెళ్ళి "పశువులున్న కుటుంబం కావాలి, రెండు రాత్రులు" అని స్పష్టంగా అడగండి. పశువులున్న అన్న మాట ముఖ్యం, లేకపోతే టూరిస్టుల కోసమే వేసిన గుడారాల వరసలోకి పంపిస్తారు. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే వాళ్ళకి రష్యన్ కొంచెం వచ్చే ఉంటుంది, వెంట తీసుకెళ్ళండి, పుస్తకాలు మూసి రెండు రోజులు వాళ్ళకీ గాలి మారుతుంది.

డబ్బు సంగతి. అక్కడి నోటు సోమ్, మన రూపాయికి ఇంచుమించు సమానమే కాబట్టి లెక్క తేలిక. జైలోలో ఏటీఎం లేదు, కార్డు గీకేది లేదు, చాలాచోట్ల సిగ్నలే లేదు, కావలసిందంతా కోచ్కోర్‌లోనే తీసి దాచుకోండి. వీసా మనవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఈ-వీసా వస్తుంది. ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే నకిలీ సైట్లున్నాయి, చూసి కట్టండి. రూల్సు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఒకసారి సరిచూసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్సులో గుర్రపు స్వారీకి, ఎత్తు ప్రాంతాలకి వర్తిస్తుందో లేదో చదవండి, చాలా పాలసీల్లో ఉండదు.

బ్యాగులో ఏం పెట్టాలి

జూలైలో కూడా అక్కడ రాత్రి గడ్డకట్టే చలి, ఒక్కోసారి మంచు కురుస్తుంది. మన దగ్గర సంకురాత్రి మంచుకి కట్టుకునే మఫ్లరు దేనికీ పనికిరాదు. థర్మల్ బట్టలు, దళసరి కోటు, ఉన్ని సాక్సు, వాన కోటు, టార్చి, పవర్ బ్యాంకు. మరుగుదొడ్డి గుడారానికి దూరంగా గొయ్యి మీద చెక్కలు వేసి ఉంటుంది, రాత్రి చలిలో అక్కడికి నడిచినప్పుడు టార్చి విలువ తెలుస్తుంది. ఆ సమయంలో కాపలా కుక్కలు కూడా వదిలి ఉంటాయి, ఇంకొకరి గుడారం వైపు వెళ్తుంటే దూరం నుంచే కేకేయండి.

ఇచ్చుకోవడానికి పలాస జీడిపప్పు తీసుకెళ్ళండి. నేను రెండు కిలోలు తీసుకెళ్ళాను, మేము ఎక్కడ కూర్చుంటే అక్కడ పళ్ళెంలో పోసి పెట్టారు, మేం చెట్టు గురించి, పండు కింద గింజ వేలాడడం గురించి చెబితే ఎవరూ నమ్మలేదు.

గుడారంలో

ఇంగ్లీషు వాళ్ళు యుర్ట్ అంటారు, కిర్గిజ్‌లో బోజ్ ఉయ్. గోడ చుట్టూ కత్తెరలా ముడుచుకునే కర్రల జాలీ, దాని పేరు కెరెగే. పైకి వంగిన వాసాలు ఊక్. అన్నీ వెళ్ళి కలిసే నడినెత్తి చక్రం తుందుక్, పొగ పోవడానికీ వెలుతురుకీ అదే దారి, వాళ్ళ దేశపు జెండా మధ్యలో ఉన్న బొమ్మ కూడా అదే. తోలు పట్టీలు, తాళ్ళతో బిగిస్తారు, రెండు మూడు గంటల్లో నిలబెట్టేస్తారు. ఇస్సిక్-కోల్ సరస్సు దక్షిణపు ఒడ్డున కిజిల్-తూ అనే ఊరుంది, ఊళ్ళో చాలా ఇళ్ళ వృత్తి ఈ గుడారాల చెక్క పనే. వాసాలకి ఆవిరి పట్టి వంచడం చూడాలంటే తిరుగు ప్రయాణంలో అటు వెళ్ళండి.

లోపలికి వెళ్ళేటప్పుడు గడప తొక్కకండి. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చెప్పులు బయట విప్పాలి, అదీ మనదే. తలుపుకి ఎదురుగా లోపలి గోడ దగ్గర చోటుని తోర్ అంటారు, పెద్దలకి, చుట్టాలకి అది. అక్కడ కూర్చోమంటే ఒకసారి మొహమాటపడి తర్వాత కూర్చోండి, మీ అంతట మీరు వెళ్ళి మాత్రం కూర్చోకండి. లోపలికి వస్తుంటే కుడి పక్క ఆడవాళ్ళది, వంట సామాను, పాల గిన్నెలు అటే, ఎడమ పక్క మగవాళ్ళది, జీను, కళ్ళేలు. నడుమ పొయ్యి. చెట్లు లేని చోట ఆ పొయ్యిలో ఏం కాలుస్తారనుకున్నారు? పిడకలే. వాళ్ళు తెజెక్ అంటారు. ఆ వాసన తగలగానే మా అమ్మమ్మ గారి ఊరు గుర్తొచ్చింది, మా మేనకోడలు మాత్రం ముక్కు మూసుకుంది.

కాళ్ళు తిండి వైపు చాపకండి. రొట్టెని బోర్లా పెట్టకండి, నేలమీద పడేయకండి, అన్నాన్ని మనం చూసుకున్నట్టే వాళ్ళు రొట్టెని చూసుకుంటారు. టీ గిన్నె సగమే పోస్తారు, పిసినారితనం అనుకోవద్దు, వేడిగా మళ్ళీ మళ్ళీ పోయడమే మర్యాద. ఇక చాలనుకుంటే గిన్నె మీద అరచెయ్యి మూయండి. భోజనం అయ్యాక పెద్దవాళ్ళు రెండు చేతులూ ముఖం మీదుగా కిందకి తుడుచుకుంటూ ఒక ప్రార్థన మాట అంటారు, వాళ్ళతో పాటు మీరూ చేస్తే సంతోషిస్తారు.

పేరు పెట్టి పిలవడం బాగోదు. మనకి అన్నయ్య, అక్క ఉన్నట్టే వాళ్ళకి బైకె, ఎజె. పెద్దావిడైతే అపా, పెద్దాయనైతే అతా. కృతజ్ఞతకి రహ్మత్. ఈ ఐదు మాటలతో నేను రెండు రోజులు నెట్టుకొచ్చాను, మిగతాది చేతులు, నవ్వు.

పాలు, తిండి

కిమిజ్ అంటే పులియబెట్టిన గుర్రం పాలు. తాగక తప్పదా అంటే, ఒక గుక్క రుచి చూసి గిన్నె రెండు చేతులతో తిరిగిచ్చేస్తే ఎవరూ ఏమనుకోరు. కానీ తాగడం కంటే పితకడం చూడండి. గుర్రప్పిల్లల్ని నేలమీద బిగించిన పొడవాటి తాడుకి వరసగా కట్టేస్తారు, తల్లులు చుట్టుపక్కలే మేస్తూ ఉంటాయి. పితికే వేళకి పిల్లని వదిలి రెండు గుక్కలు తాగనిస్తారు, దూడని వదిలితే ఆవు చేపినట్టే గుర్రం కూడా చేపుతుంది. వెంటనే పిల్లని పక్కకి లాగి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు మోకాలి మీద బకెట్ పెట్టుకుని గబగబా పితికేస్తారు. ఒక్కసారికి వచ్చేవి కొంచెమే, అందుకే రోజుకి ఐదారు సార్లు. మా ఇంట్లో నాలుగు గేదెలుండేవని నేను సైగలతో చెప్పాను, ఆ బకెట్ నా చేతికొచ్చింది అప్పుడే. గుర్రం నన్ను ఒక్క చూపు చూసి పక్కకి జరిగిపోయింది.

ఆ పాలని పొగబెట్టిన తోలు సంచిలో పోసి కవ్వంతో చిలుకుతూ పులియబెడతారు. ఆ కవ్వం పేరు బిష్కెక్, రాజధాని పేరే! రుచి ఎలా ఉంటుందంటే బాగా పులిసిన మజ్జిగలో కొంచెం పొగ, కొంచెం సోడా కలిపినట్టు. కొద్దిగా మత్తు ఉంటుంది, చాలా తక్కువే గానీ పడనివాళ్ళు, చిన్నపిల్లలు, గర్భిణులు మానేయడం మంచిది. అలవాటు లేని కడుపు మొదటి రోజే రెండు గిన్నెలు తాగితే ఆ చెక్కల మరుగుదొడ్డికే అంకితం. మా మేనకోడలు ముందే హెచ్చరించింది, "ఏటి మావయ్యా, గుర్రం పాలు అంతలా తాగేత్తన్నావ్, రాత్రికి తెలుత్తాది" అని. తెలిసింది.

కిమిజ్ పడకపోతే మక్సిమ్ అడగండి, ధాన్యంతో చేసి పులియబెట్టిన పానీయం, మన చోడి అంబలికి దూరపు చుట్టంలా ఉంటుంది, టౌన్లలో వీధి చివర డ్రమ్ముల్లో పెట్టి అమ్ముతారు. కురుత్ అని పెరుగుని ఉప్పు వేసి ఉండలు చేసి రాయిలా ఎండబెడతారు, గుర్రం మీద వెళ్ళేటప్పుడు బుగ్గన పెట్టుకోవడానికి బాగుంటుంది.

మాంసం దగ్గర మాత్రం మనవాళ్ళకి టెన్షన్. గొర్రె, ఆవు, గుర్రం మూడూ తింటారు, ఏది ఏదో రుచి చూసి చెప్పడం కష్టం. ఆవు మాంసం తినననడానికి "ఉయ్ ఎతిన్ జెబెయ్‌మ్", అసలు మాంసమే తినననడానికి "మెన్ ఎత్ జెబెయ్‌మ్" అనాలి. ఇది భోజనం ముందు పెట్టాక కాదు, కోచ్కోర్‌లో బుక్ చేసేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే కొండమీద కూరగాయల కొట్టు ఉండదు. శాకాహారులకి రొట్టె, మీగడ, జామ్, బంగాళదుంపలు, బోర్సోక్ అనే నూనెలో వేయించిన చిన్న పిండి ముక్కలు దొరుకుతాయి. పులిహోర పేస్టు, అటుకులు, ఒక చిన్న సీసా ఆవకాయ పెట్టుకుంటే గట్టెక్కేస్తారు. నా ఆవకాయ రుచి చూసిన మా ఇంటి బైకె రెండు గ్లాసుల నీళ్ళు తాగి, సీసా మూత తనే బిగించి నా సంచిలో పెట్టాడు.

చూడాల్సినవి, కొనాల్సినవి

నేలమీద పరిచే ఉన్ని పరుపుల్ని చూసి మన గొంగళి లాంటిదే అనుకున్నాను. కాదు, గొంగళి నేస్తారు, ఇది నేత కాదు. ఉన్నిని కర్రలతో కొట్టి విడదీసి, గడ్డి చాప మీద పరిచి, వేడినీళ్ళు చల్లి, చుట్టగా చుట్టి తొక్కీ తొక్కీ ఒక్క దళసరి పలకలా చేస్తారు. షిర్దాక్ అంటే రెండు రంగుల ఉన్ని పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కత్తిరించి, ఈ ముక్క ఆ రంధ్రంలో, ఆ ముక్క ఈ రంధ్రంలో కుట్టేస్తారు, గుడ్డ వృథా పోదు, ఒక పనికి రెండు తివాచీలు. పొట్టేలు కొమ్ముల డిజైను ఎక్కువ. ఒక్కటి పూర్తికి నెలలు పట్టొచ్చు. ఈ కళని 2012లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన వాటి జాబితాలో చేర్చింది. కోచ్కోర్‌లోనే ఆడవాళ్ళు నడిపే సహకార దుకాణాలున్నాయి, అక్కడ కొనండి, వెనక్కి తిప్పి చేతి కుట్టు ఉందో లేదో చూడండి. పెద్దది కొంటే విమానంలో బరువు దాటిపోతుంది, కూర్చునే చాపంత చాలు.

గుర్రం ఎక్కితే మంచిది. వైజాగ్ ఆర్కే బీచ్‌లో పది నిమిషాలు ఎక్కిన అనుభవం లెక్కలోకి రాదు. కిజార్త్ అనే ఊరి నుంచి గుర్రాల మీద సోన్-కోల్ చేరే దారుంది, రెండు రోజుల పని, మోకాళ్ళు బాగున్నవాళ్ళకే. మిగతావాళ్ళు జైలోలో గంటకి మాట్లాడుకోండి. హెల్మెట్ అడగండి. కదలాలంటే "చూ" అనాలి.

గద్ద వేట చూపించేవాళ్ళు బొకొన్‌బాయెవో ఊరి వైపు ఉన్నారు. ఆడ గద్దలే పెద్దవి కాబట్టి వాటినే పెంచుతారు, కొన్నేళ్ళకి మళ్ళీ కొండల్లోకి వదిలేస్తారు. కొన్ని చోట్ల టూరిస్టుల ముందు బతికున్న కుందేలుని వదిలి చంపిస్తారు, నాకు నచ్చలేదు, ఎర ఏం వాడతారో ముందే అడిగి అప్పుడు డబ్బివ్వండి. కోక్-బోరు కూడా అంతే, తల తీసిన మేక కళేబరం కోసం గుర్రాల మీద కొట్లాట, చూడగలిగితేనే వెళ్ళండి.

మనాస్ గాథ పాడేవాళ్ళు దొరికితే మాత్రం వదలకండి. మనాస్ అనే వీరుడు, అతని కొడుకు, మనవడి కథ, సయాక్‌బాయ్ కరాలాయెవ్ అనే గాయకుడు చెప్పిన పాఠమే 5 లక్షల పాదాలు దాటింది, 500 సోమ్ నోటు మీద బొమ్మ ఆయనదే. మన జముకుల కథలో జముకు ఉంటుంది, వంత పలికేవాళ్ళుంటారు. అక్కడ ఏ వాయిద్యమూ లేదు, ఒక్క మనిషి కూర్చుని, చేతులాడిస్తూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ గంటల తరబడి. భాష రాకపోయినా గుర్రాలు వస్తున్నాయో, ఎవరు చనిపోయారో తెలిసిపోతుంది. మా బైకె తమ్ముడు పది నిమిషాలు పాడాడు, తర్వాత మమ్మల్ని పాడమన్నారు. నాకు చిన్నప్పుడు చూసిన తప్పెటగుళ్ళు తప్ప ఏమీ గుర్తు రాలేదు, గుండెల మీద చేతులతో కొట్టుకుంటూ రెండు అడుగులేశాను. పిల్లలు వీడియో తీశారు, అది ఇప్పుడు ఏ ఫోన్‌లో ఉందో తెలీదు. మీరు ఏదో ఒకటి సిద్ధంగా ఉంచుకోండి, అడుగుతారు.

దిగొచ్చే రోజు బండిని పొద్దున్నే రమ్మనండి, మధ్యాహ్నం దాటితే కనుమ దగ్గర వాన పట్టుకోవచ్చు. డబ్బులు చేతిలో కాకుండా ఇంటావిడకి లెక్కపెట్టి ఒక కవరులో ఇస్తే బాగుంటుంది. సామాను ఎక్కించాక ఆవిడ రొట్టె పట్టుకుని బయటకొస్తుంది, కడుపు నిండా ఉన్నా సరే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకోవాలి, రుచి చూడకుండా గడప దాటడం వాళ్ళకి నచ్చదు. నేను బండెక్కేశాక వచ్చింది, కిటికీలోంచి చెయ్యి చాపి తుంచుకున్నాను.